నల్ల ఇటుకలు సరిపోని గోడ

కిందటి నెల మా అబ్బాయి అల్ఫారెట్టాలో కొత్త ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి వెళ్ళాను. ఎదురుగా నిలబడి చూస్తే నిలువెల్లా ఎర్ర ఇటుకలు, జమీందారు బంగళాలా ఉంది. నాలుగడుగులు పక్కకి వేసి చూస్తే మిగతా మూడు వైపులా ప్లాస్టిక్ రేకులు. ముఖానికి పౌడరు రాసుకుని మెడ సంగతి మరిచిపోయినట్టుంది. "బ్రిక్ ఫ్రంట్, అత్తయ్యా! అప్‌గ్రేడ్ తీసుకున్నాం," అంది కోడలు మురిసిపోతూ. శుభమా అని పాలు పొంగుతున్న వేళ నేనెందుకు నోరు తెరుస్తాను? కానీ నా చెయ్యి ఊరుకోలేదు. వేలి కణుపుతో ఆ ఇటుకల మీద టకటకమని కొట్టి, చెవి ఆనించి విన్నాను.

"ఏంటమ్మా, లోపల ఎవరైనా ఉన్నారా?" అన్నాడు మా అబ్బాయి.

గోడ కనిపిస్తే తట్టి చూసే ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మూడేళ్ళ కిందట పోయిన ఒక పెద్దమనిషి అంటించి పోయారు. ఆయన పేరు చెప్పను. వెనకాల మేమంతా ఇటుకలాయన అనేవాళ్ళం. ఎదట మాత్రం ఎవరి వరస వారిది. నాకు అన్నయ్యగారు, ఆయన భార్య లలిత నాకు వదిన. నిజానికి ఏ చుట్టరికమూ లేదు. దేశం కాని దేశంలో తెలుగు మాట్లాడేవాళ్ళు కనిపిస్తే చాలు, వరసలు వాటంతట అవే కలిసిపోయేవి.

డెబ్భైల చివర దక్షిణ న్యూజెర్సీలో మా తెలుగు కుటుంబాలు పట్టుమని పది లేవు. అందరూ డాక్టర్లు, ఇంజనీర్లు. మావారు ఆస్పత్రిలో పాథాలజిస్టు. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఇళ్ళు కొనడం మొదలుపెట్టాం. అందరివీ ఒకే అచ్చు. కొత్త కాలనీ, గోడ నుంచి గోడ దాకా కార్పెట్, డిష్‌వాషర్, ఇంటికి అంటుకుని గరాజ్, బట్టలకి గదికో క్లాజెట్. ఒకరింట్లో పడుకుని నిద్ర లేస్తే మనింట్లోనే లేచామనుకునేవాళ్ళం. అలాంటి రోజుల్లో, బ్రిడ్జిలు డిజైన్ చేసే ఆఫీసులో నిక్షేపంలాంటి ఉద్యోగం చేసుకుంటున్న ఈ మనిషి వెళ్ళి, అమెరికాకి స్వాతంత్ర్యం రాకముందు ఎవరో రైతు కట్టుకున్న ఇటుకల ఇల్లు కొన్నారు. ఆయనకి ఎవరైనా మందు పెట్టారేమోనని మాలో ఒకావిడ అనుమానపడింది కూడా.

మొక్కజొన్న చేల మధ్య మట్టి రోడ్డు చివర ఉండేది ఆ ఇల్లు. రెండంతస్తులు, పైన అటక, కింద నేలమాళిగ. గోడలు మూరెడు మందం. వంటగది గోడలో మనిషి దూరి నిలబడగలిగేంత పొయ్యి. పొయ్యి పక్కన బీరువా తలుపులాంటిది ఒకటి ఉండేది. తీస్తే లోపల మెట్లు, మెలి తిరిగి పైకి పోయేవి. క్లాజెట్ అన్నది ఇల్లు మొత్తం మీద ఒక్కటి లేదు. కట్టుకున్న రైతుకీ భార్యకీ చెరో రెండు జతల బట్టలుండేవట, వాటిని మేకులకి తగిలించేవారట. మా వదినకి పట్టుచీరలే రెండు ట్రంకులు. గుమ్మాలా, మరీ పొట్టివి. మొదటిసారి వచ్చినవాళ్ళెవరూ నుదుట బొప్పి లేకుండా తిరిగి వెళ్ళలేదు. "వినయం నేర్పుతుందండీ ఈ ఇల్లు," అనేవారాయన ఐసు ముక్క అందిస్తూ.

అసలు సంగతి పక్క గోడ మీద, కప్పు కింద త్రికోణంలా లేచే చోట ఉంది. ఆ రైతు తన పొలంలో మట్టి తవ్వి, అక్కడే కట్టెల బట్టీ పెట్టి ఇటుకలు కాల్పించాడు. మంటకి మరీ దగ్గరగా ఉన్న ఇటుకల కొసలు కరిగి, నల్లగా, గాజులా మెరిసే పూత కట్టేవి. ఎర్ర ఇటుకల మధ్య ఆ నల్ల కొసలు బయటికి కనిపించేలా పేర్చి, గోడ మీద కట్టిన సంవత్సరం, దాని పైన మూడు అక్షరాలు తీర్చారు. అన్నిటికన్నా పైన ఇంటిపేరుది. దాని కింద పక్కపక్కనే భర్తకి జె, భార్యకి హెచ్. ఆ ప్రాంతంలో అప్పట్లో అది ఆచారమట. ఆయన కౌంటీ ఆఫీసుకి వెళ్ళి పాత దస్తావేజులు తిరగేసి, వాళ్ళు జాన్, హన్నా అని కనుక్కొచ్చారు. ఆ రోజు ఫోను చేసి నాకు చెప్పిన గొంతు, పెళ్ళి సంబంధం కుదిరినవాళ్ళ గొంతులా ఉంది.

ఇంటి ముఖం దక్షిణానికి. చలిదేశపు రైతు కదా, ఎండ ఎటు తగిలితే అటు వాకిలి పెట్టుకున్నాడు. మనకి దక్షిణమంటే యముడి దిక్కు. మాలో పౌరోహిత్యం తెలిసిన కార్డియాలజిస్టు ఒకాయన ఉండేవారు. ఆయన కంపాస్ తెచ్చి చూసుకుని, "సారీ, ఈ గుమ్మంలోంచి నేను మంత్రాలు చదవను," అనేశారు. చివరికి వెనక వంటింటి తలుపు ఉత్తరానికి ఉందని గుర్తించి, అదే సింహద్వారమని తీర్మానించుకుని, అందరం చెత్తడబ్బాల పక్కనుంచి సన్నాయి క్యాసెట్టుతో లోపలికి నడిచాం. పాలు ఆ రైతు పొయ్యిలోనే పొంగించాలని అన్నయ్యగారి పట్టు. పొగగొట్టం నిండా పక్షుల గూళ్ళున్నాయని పొయ్యి వెలిగించాక తెలిసింది. పాలు పొంగాయో లేదో ఎవరికీ కనిపించలేదు. కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని, దగ్గుకుంటూ, దగ్గర్లో ఉన్న తలుపులోంచి బయటికి పరుగెత్తాం. అది దక్షిణపు వాకిలే.

ఇక ఆయన ధోరణి చూడాలి. మా ఇళ్ళకి వస్తే, చెప్పులు విప్పే లోపలే గోడ తట్టేవారు. కళ్ళు మూసుకుని వినేవారు. "అట్టపెట్టె," అని తీర్పు చెప్పేవారు. "మీ టీవీ ఏ పెట్టెలో వచ్చిందో అది దీనికన్నా గట్టిది చెల్లెమ్మా." కాఫీ ఇచ్చి మరీ ఆ మాట పడేవాళ్ళం. ఎవరైనా ఇటుకని చూసి సిమెంటు ఇటుక అన్నా, బంగళా పెంకుని స్లేటు అన్నా, పెళ్ళి పందిట్లో ఉన్నా సరే ఆపి సరిదిద్దేవారు. ఏ పనికీ ఆయన తొందరపడటం నేను చూడలేదు. "గోడకి లేని తొందర మనకెందుకండీ," అన్నది ఆయన ఊతపదం. విమానం ఎక్కించడానికి ఎవరినైనా ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తున్నప్పుడు కూడా అదే అనేవారు. ఆయన కారులో వెళ్ళి విమానం అందుకున్నవాళ్ళు అదృష్టవంతులు.

వాళ్ళకి పిల్లలు లేరు. ఆ మాట మేమెవరం ఎత్తేవాళ్ళం కాదు. అందరూ వారసుల కోసం ఇళ్ళు కడతారు, ఈయన ఇల్లు కొని పూర్వీకులని సంపాదించుకున్నారని మావారు అనేవారు. అది నిజమే. "మావాళ్ళు ఇక్కడ రై ధాన్యం పండించేవారు," అని చేను చూపించేవారు. "హన్నాగారు రొట్టెలు కాల్చిన పొయ్యి ఇది," అని చెయ్యి జోడించినంత పని చేసేవారు. భాద్రపద అమావాస్యకి పెద్దలకి తర్పణాలు వదిలేటప్పుడు, తన తాతముత్తాతల తరువాత ఆ ఇద్దరి పేర్లూ చెప్పి నువ్వులు, నీళ్ళు వదిలేవారు.

"గోత్రం ఏం చెప్తున్నారండీ?" అని అడిగారు కార్డియాలజిస్టుగారు ఉండబట్టలేక.

"తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రమని మీరే చెప్పారుగా."

"వాళ్ళు బీఫ్ తినేవాళ్ళేమోనండీ."

"పోయినవాళ్ళ భోజనాల సంగతి మనకెందుకండీ," అన్నారాయన ఉత్తరీయం సర్దుకుంటూ.

ఇంత భక్తి ఉన్న మనిషే ఆ ఇంటి ప్రాణం మీదికి తెచ్చారు. పూర్వాశ్రమంలో ఆయన కృష్ణ మీద ఆనకట్ట కట్టిన ఇంజనీర్లలో ఒకరు. సిమెంటు ఆయన ఇలవేల్పు. ఈ ఇంటి ఇటుకల మధ్య ఉన్నదేమో సున్నం. వేలితో గీస్తే ఇసుకలా రాలేది. అది చూస్తే ఆయనకి ప్రాణం ఉసూరుమనేది. ఒక వేసవంతా మంచెలు కట్టి, ఆ సున్నం పైపైన గీకి, సందు సందులోనూ సిమెంటు కూరారు. శనివారాలు మా మగవాళ్ళందరూ వెళ్ళి తాపీలు పట్టుకునేవారు. మేము పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళేవాళ్ళం. పని పూర్తయిన రోజున ఆయన గోడని చరిచి, "ఇంకో రెండొందల ఏళ్ళు ఢోకా లేదు," అన్నారు.

రెండు చలికాలాలు పట్టింది. రెండోదాని చివర మంచు కరుగుతుంటే, గోడ మొదట్లో ఎర్రటి పెచ్చులు కనిపించాయి. తల ఎత్తి చూస్తే ఇటుకల ముఖాలు ఊడి, లోపలి మెత్తటి మట్టి కనపడుతోంది. అక్షరాల దగ్గర మరీ ఘోరం. హెచ్‌లో సగం రాలిపోయి, అది ఏ అక్షరమో తెలియకుండా పోయింది.

ఆ వారమే, పాత ఇళ్ళ బాగోగులు చూసే హిస్టారికల్ సొసైటీ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, కాన్వాసు బూట్లు వేసుకుని, చేతికర్రతో. ఇంటి చుట్టూ తిరిగి గోడ ముందు ఆగిపోయింది. శవాన్ని చూసినట్టు చూసింది. "సిమెంటు! ఎవరు చేశారీ పని?" అంది.

ఇటుకల విషయంలో పక్కింటి పిల్లాడు తప్పు చెప్పినా ఊరుకోని మనిషి, తల గోక్కుని, "మాకు ముందున్నవాళ్ళు," అన్నారు.

పులిహోర కలిపి పెట్టిన నేను అక్కడే ఉన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక, ఆవిడ చెప్పినదంతా ఆయన మాకు వివరించారు. పాత ఇటుక మెత్తనిది, తడి పీల్చుకుంటుంది. సున్నమైతే ఆ తడిని సందుల్లోంచి బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు. తడి ఇటుకలోనే చిక్కుకుని, గడ్డకట్టి, ఉబ్బి, దాని ముఖాన్నే ఊడగొట్టుకుంటుంది.

"అంటే చూడు చెల్లెమ్మా, గట్టిదాని పక్కన మెత్తనిదాన్ని కట్టేస్తే, నలిగేది మెత్తనిదే."

"ఆ సంగతి నన్నడిగితే మొదటి రోజే చెప్పేదాన్ని," అంది వదిన వంటింట్లోంచి.

వదిన నోరున్న మనిషి కాదు. నవ్వితే బుగ్గలు ఎర్రబడేవి, కోపం వస్తే గిన్నెలు తోమేది. కానీ ఆ సాయంత్రం మావారూ నేనూ ఉండగానే, చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"వీళ్ళ ముందే అడుగుతున్నానండీ. ఐదేళ్ళ నుంచి స్వెట్టర్ వేసుకుని వంట చేస్తున్నాను. చీరలు ట్రంకుల్లో మగ్గుతున్నాయి. స్నానానికి వేణ్ణీళ్ళు వచ్చేసరికి సగం పొద్దు పోతుంది. మీ సరదా కదా అని ఊరుకున్నా. ఇప్పుడా గోడ మన నెత్తిన పడేలా ఉంది. చెర్రీ హిల్‌లో కొత్త ఇళ్ళు కడుతున్నారు. పోదాం."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నారు. తరువాత, "ఒక్క ఏడాది ఇవ్వు లలితా. సిమెంటంతా పీకి, మళ్ళీ సున్నంతో కడతాను. వచ్చే చలికాలం దాటాక ఒక్క పెచ్చు రాలినా, ఇల్లు అమ్మేద్దాం. నేనే రియల్టర్‌ని పిలుస్తా," అన్నారు.

"ఒక్క పెచ్చు," అంది వదిన.

"ఒక్కటి."

"మీరే సాక్షులు," అంది మా ఇద్దరితో. ఆ మాటలో సరదా ఏమీ లేదు. ఆవిడ ఆ ఇంట్లోంచి బయటపడాలని ఎంతగా కోరుకుంటోందో నాకు తెలుసు. ఆ ఇల్లు పోతే ఆయన ఏమైపోతారో కూడా తెలుసు. ఎవరి పక్షం వహించాలో తెలియక నేను మరో రెండు గరిటెలు పెరుగన్నం వడ్డించుకున్నాను.

ఆ ఏడాది ఇండియా నుంచి వచ్చేవాళ్ళందరికీ ఆయన ఉత్తరాలు రాశారు. మేమంతా ఆవకాయ, గోంగూర, రవిక గుడ్డలు తెమ్మని రాస్తే, ఆయన కరక్కాయలు తెమ్మన్నారు. మన పాత మేడలకి సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారట, వాళ్ళ తాతగారి డాబా అలా కట్టిందేనట. జె.ఎఫ్.కె. ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆఫీసరు ఆ సంచీ విప్పి, ఇదేమిటని అడిగితే, తెచ్చినాయన మొహమాటపడి విరోచనానికి అన్నాడట. ఇంత సంచీడా అని ఆఫీసరు జాలిపడి వదిలేశాడట.

కరక్కాయలు వచ్చాయి. ఇక సున్నాన్ని గానుగలో మెత్తగా తిప్పాలి. న్యూజెర్సీలో గానుగ ఎక్కడ దొరుకుతుంది?

మా ఊళ్ళో వెట్ గ్రైండరు ఒక్క వదినకే ఉండేది. ఓడలో తెప్పించుకుంది, రాతి గ్రైండరు, దానికి జుమ్మని రొద చేసే ట్రాన్స్‌ఫార్మర్. ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా పప్పు, బియ్యం నానబోసుకుని అక్కడికే వెళ్ళేవాళ్ళం. ఆ ఇంట్లో ఆవిడకంటూ ఉన్నది అదొక్కటే. ఆ శనివారం ఎవరిదో అన్నప్రాశన. నేను బకెట్ నిండా నానిన పప్పు పట్టుకుని వెళ్ళాను. నేలమాళిగలోంచి గ్రైండరు చప్పుడు వినిపిస్తోంది.

"అప్పుడే పిండి వేసేశావా వదినా?" అన్నాను.

"నేను వెయ్యలేదే," అంది.

ఇద్దరం మెట్లు దిగాం. అన్నయ్యగారు పంచె ఎగ్గట్టి, ముక్కుకి తువ్వాలు కట్టుకుని, గ్రైండరు పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. లోపల తెల్లగా, మెత్తగా, వెన్నలా తిరుగుతోంది. చేత్తో కరక్కాయ నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తున్నారు. మమ్మల్ని చూసి, "భలే తిరుగుతోంది లలితా! ఇంకో పావుగంట," అన్నారు.

వదిన వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ ప్లగ్ పీకింది.

"సున్నమే కదే. తాంబూలంలో తినమూ? కడిగితే పోతుంది."

పోలేదు. ఆ తరువాత రుబ్బిన పిండికి కరక్కాయ వగరు వచ్చింది, రాయి గరుకుతేలింది. వదిన ఆయనతో నెలరోజులు అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ ఏడాది తెలుగువాళ్ళ ఫంక్షన్లన్నిటిలోనూ బ్రెడ్డు ఉప్మా తిన్నాం. మా మగవాళ్ళు మాత్రం బహిరంగంగానే సంతాపం ప్రకటించారు. తాపీలు పట్టుకోవడానికి ఒక్కరూ వెళ్ళలేదు. ఆయన ఒక్కరే, ఆఫీసు నుంచి వచ్చి, చీకటి పడేదాకా మంచె మీద కూర్చుని, చిన్న ఉలితో సిమెంటు తీసి సున్నం పెట్టుకుంటూ పోయారు. తొందర లేకుండానే.

అక్టోబరులో మంచెలు తీసేశారు. చూడటానికి రమ్మని ఫోను. మేమిద్దరం వెళ్ళాం. గోడ నిజంగా అందంగా ఉంది. సందులన్నీ తెల్లగా, సన్నగా, దువ్విన పాపిడిలా ఉన్నాయి. ముఖాలు ఊడిన ఇటుకలని తీసి, వెనక్కి తిప్పి పెట్టారట. నల్ల కొసలకి రెండో వైపు మెరుపు ఉండదు కాబట్టి, రైతు మాంసానికి పొగ పట్టించుకున్న పాత పొగగది పెరట్లో కూలి ఉంటే, ఆ శిథిలాల్లోంచి ఏరుకొచ్చారట. ఈ ఇంటిది కాని ఇటుక ఒక్కటి కూడా ఈ గోడలోకి రాలేదని ఛాతీ విరిచి చెప్పారు. నేను తల ఎత్తి అక్షరాలు చూశాను. జె అలాగే ఉంది. దాని పక్కన హెచ్ ఉండాల్సిన చోట, నల్లగా నిగనిగలాడుతూ ఎల్ ఉంది.

"ఇదేమిటండీ? అక్కడ హెచ్ కదా?" అన్నారు మావారు.

"నల్ల ఇటుకలు సరిపోలేదు," అన్నారాయన గోడవైపు చూస్తూనే. "హెచ్‌కి రెండు కాళ్ళు, మధ్యలో అడ్డం. చాలా పడతాయి. ఎల్‌కైతే తక్కువ."

"ఐ పెట్టొచ్చుగా మరి? ఇంకా తక్కువ పడతాయి," అన్నారు మావారు. చదువుకున్నవాళ్ళతో ఇదే చిక్కు. నేను ఆయన కాలు తొక్కాను.

"మరి హన్నాగారు?" అన్నాను.

"ఏటేటా నీళ్ళు వదులుతున్నానుగా. ఆవిడ ఏమీ అనుకోదు."

వదిన శాలువా కప్పుకుని మా వెనకే నిలబడి ఉంది. గోడ వైపు చూసింది. చాలాసేపే చూసింది. "చలిగా ఉంది, కాఫీ పెడతాను రండి," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ కాఫీలో చక్కెర రెండుసార్లు వేసింది. అందరం తాగేశాం.

ఆ చలికాలం మహా గట్టిది. ఊరి పక్కన నది కూడా గడ్డకట్టింది. ఆయన ప్రతి ఉదయం ఆఫీసుకి వెళ్ళే ముందు టార్చిలైటు పట్టుకుని గోడ మొదట్లో వెతికేవారని వదిన ఫోనులో చెప్పేది. ఆవిడ గొంతులో ఏముందో నాకు అంతుపట్టేది కాదు. చెర్రీ హిల్ ఇళ్ళ కాగితం మాత్రం ఫ్రిజ్ మీద అయస్కాంతానికి అలాగే వేలాడుతుండేది.

మార్చి చివర ఒక ఆదివారం వెళ్ళాను. మంచు కరిగి, పెరడంతా బురద. ఆయన నిచ్చెన వేసుకుని అటువైపు చూరు గొట్టం బాగు చేస్తున్నారు. వదినా నేనూ పక్క గోడ వెంట నడుస్తున్నాం. చూరు నీడలో ఇంకా కరగని మంచు దిబ్బ ఒకటి ఉంది. దాని అంచున ఎర్రగా ఏదో కనిపించింది. వదిన వంగి తీసింది. అరచేయంత పెచ్చు, ఇటుకది. అంచులు కొత్తగా, పదునుగా ఉన్నాయి.

ఐదారేళ్ళుగా ఆవిడ కోరుకున్నది చేతిలో ఉంది. కార్పెట్, వేణ్ణీళ్ళు, లోపల లైటు వెలిగే క్లాజెట్, అన్నీ ఆ ముక్కలోనే ఉన్నాయి. సాక్షిని నేను పక్కనే ఉన్నాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"లలితా! ఏమైనా రాలిందా అటువైపు?" నిచ్చెన మీంచి ఆయన గొంతు. భయం భయంగా ఉంది.

వదిన ఆ ముక్కని కోటు జేబులో వేసుకుంది. "ఏం రాలలేదు! మీరు జాగ్రత్తగా దిగండి!" అని కేకేసింది. నా వైపు తిరిగి, "పాతదేలే," అంది మెల్లగా. నాకు అక్కడే ఆవిడని వాటేసుకుని ఏడవాలనిపించింది. కానీ మేం అలాంటి పనులు చేసేవాళ్ళం కాదు. ఇవాళ ఏం కూర చేశావని అడిగాను.

తరువాత నాలుగైదేళ్ళకి, ఆ సొసైటీ వాళ్ళు పాత ఇళ్ళు చూపించే రోజు ఒకటి పెట్టారు. మొదటొచ్చిన పెద్దావిడ అప్పటికే ఫ్లోరిడా వెళ్ళిపోయింది. కొత్తగా వచ్చినావిడ చిన్నది, హుషారైనది. ఆ ఇంటిని ఇంతకు ముందెన్నడూ చూడలేదు. ముప్ఫైమందిని వెంటబెట్టుకుని వచ్చింది. వదిన అందరికీ కాఫీ, గారెలు ఏర్పాటు చేసింది. వాళ్ళు గారె మధ్యలో చిల్లు చూసి డోనట్ అనుకుని కొరికి, పచ్చిమిర్చి తగిలి కన్నీళ్ళు పెట్టుకుంటూ చరిత్ర విన్నారు.

సొసైటీ ఆవిడ అందరినీ పక్క గోడ ముందు నిలబెట్టింది. అన్నయ్యగారు, వదిన, నేను చివర నిలబడ్డాం.

"ఇక్కడొక చిత్రం చూడండి," అంది ఆవిడ వేలు పైకి చూపిస్తూ. "దస్తావేజుల్లో ఈ రైతు భార్య పేరు హన్నా. కానీ గోడ మీద చూడండి, ఎల్! అంటే ఏమిటి? హన్నా పోయాక ఆయన ఇంకో పెళ్ళి చేసుకుని ఉండాలి. ఆ రెండో భార్య గురించి మనకి ఏ ఆధారమూ దొరకలేదు. పేరు తెలియదు, ఊరు తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పొచ్చు. ఆవిడ కోసం ఆయన కట్టిన గోడని పీకి, అక్షరం మార్పించాడు. ఆ రోజుల్లో ఒక రైతు అంత పని చేశాడంటే, ఆలోచించండి."

గుంపంతా "ఆహా" అంది. ఒకావిడ ఫొటో తీసుకుంది. నేను అన్నయ్యగారి వైపు చూశాను. ఇప్పుడు మొదలవుతుంది పాఠం, ఈ ముప్ఫైమందికీ సాయంత్రం దాకా విముక్తి లేదనుకున్నాను. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, చెవులు ఎర్రబడి, గడ్డి వైపు చూస్తూ నిలబడ్డారు. ఒక్క మాట సరిదిద్దలేదు.

వదిన గారెల పళ్ళెం పట్టుకుని ముందుకి వెళ్ళింది.

"ఆ రెండో ఆవిడకి మొదట్లో ఈ ఇల్లు బొత్తిగా నచ్చలేదని విన్నాను," అంది ఇంగ్లీషులో.

సొసైటీ ఆవిడ కళ్ళు మెరిశాయి. చేతిసంచీలో పెన్ను కోసం తడుముకుంటూ, "నిజంగానా? ఎక్కడ విన్నారు?" అంది.

"ఇంట్లోవాళ్ళే చెప్పుకునేవారు," అంది వదిన. "ఇంకో గారె తీసుకోండి."